హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ: కోర్సు ఎంచుకోవడం నుంచి మొదటి ఉద్యోగం దాకా

"అక్కా, ఎంహెచ్ఏ చేయాలా, ఎంబీఏ చేయాలా?"

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. అడిగేవాళ్లలో బీడీఎస్ అయిపోయినవాళ్లుంటారు, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లుంటారు, మామూలు బీకాం వాళ్లూ ఉంటారు. నేను ఫిజియోథెరపీ చదివి, రెండేళ్లు ప్రాక్టీస్ చేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేశాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఆపరేషన్స్ చూస్తున్నాను. కాబట్టి ఆ ప్రశ్న వెనకున్న టెన్షన్ నాకు బాగా తెలుసు.

అందరికీ ఒకటే చెబుతాను. డిగ్రీ పేరు మూడో విషయం. చదివే రెండేళ్లలో ఏ ఆసుపత్రి వార్డుల్లో ఎన్ని రోజులు తిరుగుతారన్నది మొదటిది. పాఠం చెప్పేవాళ్లు ఎప్పుడైనా ఆసుపత్రిలో పనిచేశారా అన్నది రెండోది. ఈ రెండూ బాగుంటే డిగ్రీ పేరు ఏదైనా పని నేర్చుకుని బయటపడతారు. ఇవి బాగోకపోతే ఎంత పెద్ద పేరున్న డిగ్రీ అయినా, మొదటి ఉద్యోగంలో చేరాక అన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

మొదటి మెట్టు: అప్లికేషన్ కంటే ముందు ఆసుపత్రిలో ఒక వారం

మీ ఊళ్లోనో, దగ్గర్లోని పట్నంలోనో 50 నుంచి 100 మంచాల నర్సింగ్ హోమ్ ఉంటుంది. దాని యజమాని డాక్టరుగారిని కలిసి, ఒక వారం కూర్చుని చూస్తానని అడగండి. చాలామంది కాదనరు. రోగి బంధువుగా ఆసుపత్రిలో గడిపిన అనుభవం ఇక్కడ చాలదు. అప్పుడు మన కళ్లన్నీ మన మనిషి మంచం మీదే ఉంటాయి.

ఒక రోజు ఓపీ కౌంటర్ పక్కన, ఒక రోజు బిల్లింగ్‌లో, ఒక రోజు ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర కూర్చోండి. ఒక రాత్రి క్యాజువాలిటీలో ఉండండి. అర్ధరాత్రి రెండు గంటలకు యాక్సిడెంట్ కేసు వచ్చినప్పుడు డాక్టరు, నర్సు ఏం చేస్తారో అందరూ చూస్తారు. మీరు మిగతావాళ్లను చూడండి. స్ట్రెచర్ ఎవరు తెచ్చారు? రక్తం కోసం ఎవరు ఫోన్ చేశారు? పోలీసులకు మెడికోలీగల్ సమాచారం ఎవరు రాశారు? ఏడుస్తున్న తల్లితో ఎవరు మాట్లాడారు? మీరు చదవబోయే చదువంతా ఈ నాలుగు ప్రశ్నల్లోనే ఉంది.

ఆ గందరగోళం చూసి "దీన్ని ఇలా సర్దితే బాగుండు" అనిపిస్తే ఈ దారి మీదే. క్లినిక్ విసుగొచ్చిందనో, నైట్ డ్యూటీలు తప్పుతాయనో వస్తుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. ఇక్కడా నైట్ డ్యూటీలున్నాయి. ఆదివారాలు, పండగలు మేనేజర్ ఆన్ డ్యూటీగా వంతులు పడతాయి. నా మొదటి రెండు దసరాలూ ఆసుపత్రిలోనే గడిచాయి.

రెండో మెట్టు: డిగ్రీల పేర్ల చిక్కు విప్పుకోవడం

ఎంహెచ్ఏ అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్. ఎంహెచ్ఎం అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్. ఈ రెండింటికీ పేరులో తప్ప సారంలో పెద్ద తేడా లేదు. రెండూ ఆసుపత్రి లోపలి పనినే కేంద్రంగా పెట్టుకుంటాయి. హెల్త్‌కేర్ లేదా హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ అంటే మొదటి ఏడాది ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్ లాంటి మామూలు ఎంబీఏ పాఠాలు ఎక్కువ, ఆసుపత్రి పాఠాలు తర్వాత. రేపు హెల్త్ ఇన్సూరెన్స్, ఫార్మా, కన్సల్టింగ్ కంపెనీల వైపు వెళ్లాలనుకుంటే ఎంబీఏ పనికొస్తుంది. ఆసుపత్రిలోనే ఎదగాలనుకుంటే ఎంహెచ్ఏ, ఎంహెచ్ఎం నేరుగా తీసుకెళ్తాయి.

ఎంపీహెచ్ వేరే చదువు, దీన్ని కలపొద్దు. అది పబ్లిక్ హెల్త్. ఆసుపత్రికి వచ్చిన రోగి గురించి కాకుండా, ఊరు, మండలం, జిల్లా ఆరోగ్యం గురించి. టీకాలు, పోషకాహారం, అంటువ్యాధుల లెక్కలు, ప్రభుత్వ కార్యక్రమాలు అందులో వస్తాయి. ఇది మంచి చదువే, కానీ ఎంపీహెచ్ చేసి కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్స్ ఉద్యోగం కోసం తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లను చూశాను. చేరే ముందే తేడా తెలిస్తే ఆ తిప్పలు ఉండవు.

ఎంబీబీఎస్ చేసినవాళ్లకు ఇంకో తలుపుంది, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ. మూడేళ్లు, నీట్ పీజీ ద్వారా. ఎయిమ్స్ లాంటి జాతీయ సంస్థల్లో అయితే ఐఎన్ఐ-సెట్ రాయాలి. మెడికల్ సూపరింటెండెంట్ కుర్చీ మీద కన్నున్న డాక్టర్లకు ఇదే సరైన దారి. డాక్టరు కానివాళ్లు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సూపరింటెండెంట్ పదవి డాక్టర్లదే. ప్రైవేట్‌లో అలాంటి గీత లేదు. యూనిట్ హెడ్, సీఓఓ పదవుల్లో డాక్టర్లు కానివాళ్లు చాలామందే ఉన్నారు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న డాక్టర్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు రెండేళ్లు సెలవు పెట్టలేరు. అలాంటివాళ్లకు ఇగ్నోలో హాస్పిటల్ అండ్ హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉంది. చేస్తున్న పనికి ఒక చట్రం దొరుకుతుంది. అసలు ఆసుపత్రి ముఖం చూడని ఫ్రెషర్ మాత్రం దూరవిద్యతో, ఆన్‌లైన్ డిగ్రీతో మొదలుపెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. తప్పదనుకుంటే, ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద ఫీజు కట్టొద్దు.

మూడో మెట్టు: ఎక్కడ చదవాలి

మన దగ్గరితోనే మొదలుపెడదాం. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో ఎంహెచ్ఎం ఉంది. రెండేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కలిపి రెండున్నరేళ్లు. పెద్ద ప్రభుత్వ రంగ ఆసుపత్రి లోపలే ఉండి చదవడం దీని బలం. అపోలో వాళ్ల సంస్థ జూబ్లీహిల్స్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఎంహెచ్ఎం నడుపుతోంది. అక్కడ కార్పొరేట్ ఆసుపత్రి పక్కనే ఉంటుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్‌కేర్ అండ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది. దానికి క్యాట్ స్కోరు కావాలి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేట్ సంస్థలతో పోలిస్తే తక్కువ. ఎంపీహెచ్ వైపు మనసున్నవాళ్లకు హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది.

రాష్ట్రం దాటితే ముందుగా చెప్పుకోవాల్సింది ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) గురించి. 1936లో మొదలైన ఈ సంస్థలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్‌కు ఈ రంగంలో మంచి పేరుంది. అక్కడ చదివినవాళ్లు దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో కనిపిస్తారు. 1984లో జైపూర్‌లో మొదలైన ఐఐహెచ్ఎంఆర్ ఆరోగ్య నిర్వహణ చదువు కోసమే పుట్టిన సంస్థ. ఢిల్లీ, బెంగళూరుల్లోనూ దాని క్యాంపస్‌లున్నాయి.

ఇవి కాక, రెండు రాష్ట్రాల్లోనూ ఐసెట్ ద్వారా చేరే ఎంబీఏ కాలేజీల్లో కొన్నిచోట్ల హాస్పిటల్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్ పెడుతున్నారు. కొన్ని నిజంగా బాగా నడుపుతున్నారు. కొన్నిచోట్ల మాత్రం బ్రోషర్‌లో ఆసుపత్రి ఫొటో ఉంటుంది, ఆసుపత్రి ఉండదు. తేడా కనిపెట్టడానికే తర్వాతి మెట్టు.

నాలుగో మెట్టు: కాలేజీని మీరే ఇంటర్వ్యూ చేయండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే రెండేళ్లు పోతాయి. నాకు తెలిసిన ఒక అమ్మాయి, నర్సింగ్‌లో యూనివర్సిటీ ర్యాంకర్, ఒక కాలేజీలో చేరింది. ఇంటర్న్‌షిప్ "పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో" అన్నారు. తీరా వెళ్తే, రెండు నెలలు రిసెప్షన్‌లో కూర్చోబెట్టి రోగుల ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించారు. ఆపరేషన్ థియేటర్ల కారిడార్ కూడా చూడకుండానే సర్టిఫికెట్ చేతికొచ్చింది. కాలేజీ అబద్ధం చెప్పలేదు. అది పెద్ద ఆసుపత్రే. అక్కడ ఏం చేయిస్తారని ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

కాబట్టి అడగండి. ఆసుపత్రి పోస్టింగులు మొత్తం ఎన్ని వారాలు? ఏయే విభాగాల్లో? ప్రతి విభాగంలో మమ్మల్ని చూసుకునే మనిషి ఎవరు? స్టెరైల్ సామాను తయారయ్యే సీఎస్ఎస్డీలో, మెడికల్ రికార్డ్స్‌లో, పర్చేజ్‌లో, క్వాలిటీలో కూర్చోబెడతారా? బీమా, ప్రభుత్వ పథకాల రోగుల బిల్లులు చూసే క్రెడిట్ బిల్లింగ్‌లో పని చేయనిస్తారా? "అన్నీ ఉంటాయమ్మా" అన్న జవాబుతో తృప్తిపడొద్దు. పోయిన బ్యాచ్ పోస్టింగ్ షెడ్యూల్ కాగితం చూపించమనండి. నిజంగా నడిచే కోర్సులో ఆ కాగితం అయిదు నిమిషాల్లో బయటికొస్తుంది.

తర్వాత సీనియర్లు. కాలేజీ వాళ్లు ఇచ్చిన నంబర్లకు చేస్తే మంచి మాటలే వినిపిస్తాయి. లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి, రెండు మూడేళ్ల కిందట చదివినవాళ్లను పట్టుకోండి. ఇప్పుడు ఏ పదవిలో ఉన్నారో చూడండి. రాస్తే చాలామంది జవాబిస్తారు. ప్లేస్‌మెంట్ల గురించి అడిగేటప్పుడు అత్యధిక జీతం ఎంత అని అడగకండి. అది ఒక్కరిది. బ్యాచ్‌లో మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చింది, ఎంతమందికి అసలు కాలేజీ ద్వారా రాలేదు, మొదటి ఉద్యోగం ఆసుపత్రిలోనా లేక ఇన్సూరెన్స్ కాల్ సెంటర్‌లోనా, ఇవి అడగండి.

వీలైతే క్యాంపస్‌కు వెళ్లండి. లైబ్రరీలో ఎన్ఏబీహెచ్ ప్రమాణాల పుస్తకం తాజా ఎడిషన్ ఉందా అని అడగండి. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే ఎన్ఏబీహెచ్, ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే సంస్థ. ఆ పుస్తకం లేని చోట హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చెబుతున్నారంటే, పంచాంగం లేకుండా ముహూర్తం పెడుతున్నట్టే.

అయిదో మెట్టు: ఎంట్రన్స్, ఇంటర్వ్యూ

మన దగ్గర ఈ కోర్సుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్‌లో బైపీసీ. అంటే పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టేసినవాళ్లు. క్యాట్ అయినా, ఐసెట్ అయినా భయం అక్కడే. ఆరు నెలల ముందు నుంచి రోజుకు గంట చాలు. శాతాలు, నిష్పత్తులు, సగటులు, పట్టికలు చదివి అర్థం చేసుకోవడం. ఇవి పరీక్షకే కాదు, రేపు ఆసుపత్రిలో రోజూ వాడే లెక్కలు కూడా ఇవే. క్యాట్ నవంబరు చివరి ఆదివారం జరుగుతూ వస్తోంది, దరఖాస్తులు ఆగస్టులో మొదలై సెప్టెంబరుతో ముగుస్తాయి. డిగ్రీ చివరి ఏడాదిలోనే కళ్లు తెరిచి ఉండాలి. ఎంట్రన్స్ పద్ధతులు ఒక్కోసారి మారుతుంటాయి. టిస్ చాలాకాలం సొంత పరీక్ష పెట్టి, తర్వాత జాతీయ స్థాయి పరీక్షల స్కోర్లకు మారింది. సీనియర్ చెప్పిన పద్ధతిని నమ్ముకోకుండా ఆ ఏటి నోటిఫికేషన్ చదవండి.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అయిదేళ్లు డెంటల్ చదివి, ఇప్పుడెందుకు వదిలేస్తున్నారు?" నూటికి తొంభై మంది "నాకు లీడర్‌షిప్ అంటే ఆసక్తి సార్" అంటారు. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు ఆ మాట పొద్దుటి నుంచి వింటూనే ఉంటారు. మీరు చూసిన ఒక సంఘటన చెప్పండి. "మా కాలేజీ ఆసుపత్రిలో ఓపీకి రోజూ వచ్చే రోగుల్లో చాలామంది పదకొండు తర్వాత తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఎందుకని అడిగితే, ఎక్స్‌రే గది దగ్గర గంటన్నర వెయిటింగ్. చైర్లు ఖాళీగా ఉండేవి, డాక్టర్లు ఖాళీగా ఉండేవాళ్లు, ఎక్స్‌రే టెక్నీషియన్ ఒక్కడే." ఇలా ఒక్క మాట చెబితే చాలు, మిగతా ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మొదటి మెట్టులో చెప్పిన ఆ వారం ఇక్కడ అక్కరకొస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. ఫీజుతో పాటు హాస్టల్, ఇంటర్న్‌షిప్ ఊళ్లో అద్దె, ప్రయాణాలు కలిపి లెక్క వేసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు. ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే, 2024లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తనఖా, హామీదారు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. ఈ రంగంలో తొలి జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు. పెరుగుదల మూడు నాలుగేళ్ల తర్వాత మొదలవుతుంది. ఈఎంఐ లెక్క వేసుకునేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

ఆరో మెట్టు: రెండేళ్లలో నిజంగా నేర్చుకోవాల్సింది

నా ఇంటర్న్‌షిప్‌లో మా గైడ్ మేడమ్ నా చేతికి ఒక స్టాప్‌వాచ్, ఒక అట్ట ప్యాడ్ ఇచ్చి, "నలభై డిశ్చార్జ్‌లు చూసి రా, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు. అందులో ఒకటి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తుంటి ఆపరేషన్. ఉదయం 10:10కి సర్జన్ రౌండ్స్‌లో "ఇవాళ ఇంటికెళ్లొచ్చు" అన్నారు. ఆయన భార్య అప్పుడే సంచులు సర్దేసి, చెప్పులు కూడా తొడిగి మంచం పక్కన కూర్చుంది.

11:50 దాకా డిశ్చార్జ్ సమ్మరీ మొదలవలేదు. డ్యూటీ డాక్టరు కొత్త అడ్మిషన్లతో ఉన్నాడు. తయారైన సమ్మరీ సర్జన్ సంతకం కోసం ఆగింది, ఆయన థియేటర్‌లో ఉన్నారు. వాడని ఇంజెక్షన్లు, సెలైన్లు ఫార్మసీకి వాపసు వెళ్లడానికి 12:40 అయింది. అక్కడ భోజన విరామం, ఎంట్రీ పడేసరికి 1:30. బిల్లు తయారై ఇన్సూరెన్స్ డెస్క్‌కు 2:15కు చేరింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ, టీపీఏకు అప్‌లోడ్ అయింది 2:50కి. 4:20కి వాళ్ల నుంచి ఒక క్వెరీ. 5:05కు అప్రూవల్. పెద్దాయన వీల్‌చైర్ లిఫ్ట్ ఎక్కింది 5:40కి. మధ్యలో ఆ పెద్దమ్మ నన్ను నాలుగుసార్లు అడిగింది: "ఏం బిడ్డా, సారు పొద్దుగాల్నే పొమ్మన్నడు గదా, ఇంకెంతసేపు కూసోవాలె?"

ఆ రోజు వార్డులో అందరూ ఇన్సూరెన్స్ కంపెనీనే తిట్టారు. ప్యాడ్ మీద లెక్క వేరే చెప్పింది. టీపీఏ తీసుకున్నది రెండుంబావు గంటలు. ఫైలు వాళ్లకు చేరకముందే ఆసుపత్రి లోపల నాలుగు గంటల నలభై నిమిషాలు పోయాయి. ఇప్పుడైతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, ఆసుపత్రి అడిగాక తుది డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆ మూడు గంటల గడియారం ఆసుపత్రి పంపాకే మొదలవుతుంది. మన ఇంట్లోని జాప్యానికి ఏ సర్క్యులరూ లేదు.

నలభై డిశ్చార్జ్‌లలో అవే రెండు చోట్ల ఎక్కువ సమయం పోయింది, సమ్మరీ దగ్గర, మందుల వాపసు దగ్గర. ముందురోజు సాయంత్రమే మర్నాడు వెళ్లేవాళ్ల జాబితా తీసి, సమ్మరీ డ్రాఫ్ట్ రాయించి, రాత్రి షిఫ్టులోనే మందులు వాపసు చేయిస్తే చాలా వరకు తీరిపోయే సమస్య.

దీని విలువ లెక్కల్లో చూడండి. 100 మంచాల ఆసుపత్రి, 30 రోజుల నెల అంటే మొత్తం 3,000 మంచం-రోజులు. రోగులు వాడినవి 2,250 అనుకుంటే బెడ్ ఆక్యుపెన్సీ 75 శాతం. ఆ నెలలో 500 డిశ్చార్జ్‌లైతే ఒక్కొక్కరు సగటున ఉన్నది నాలుగున్నర రోజులు. ఇప్పుడు ఒక్కో డిశ్చార్జ్ నాలుగు గంటలు ముందు జరిగితే 500 నాలుగుల 2,000 గంటలు, అంటే 83 మంచం-రోజులు. ఒక్క మంచం కొనకుండా, ఒక్క గది కట్టకుండా దాదాపు మూడు మంచాలు నెలంతా అదనంగా దొరికినట్టు. క్యాజువాలిటీలో "బెడ్ లేదు" అని స్ట్రెచర్ మీద ఎదురుచూసే రోగికి ఆ మంచం దొరుకుతుంది. ఈ లెక్క ఎవరూ అడగకముందే వేయగలిగితే ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం ఇవాళ తెలంగాణలో ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ దీనికి తోడు. మన రాష్ట్రాల్లో పనిచేయాలంటే వీటి ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) ఎలా పెడతారు, ప్యాకేజీలో ఏమేం కలిసి ఉంటాయి, క్లెయిమ్ ఎక్కడ తిరస్కరిస్తారు, ఆసుపత్రిలో పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర పాత్ర ఏమిటి, ఇవన్నీ చేతులతో చేసి నేర్చుకోవాలి. ప్యాకేజీ అంటే ఆసుపత్రికి వచ్చే మొత్తం ముందే ఖాయం. రోగి అనవసరంగా రెండు రోజులు ఎక్కువుంటే ఆ ఖర్చు ఆసుపత్రిదే. మందుల వాపసు దగ్గర పోయే గంటలు ఇక్కడ రూపాయలవుతాయి.

చట్టాల పాఠాలు చాలామంది పరీక్ష కోసం బట్టీ పడతారు. వార్డులో నిలబడి చదివితే వాటంతటవే గుర్తుంటాయి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు తీసుకోండి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ ఎరుపులో. సూదులు తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలో. గాజు సీసాలు నీలంలో. ఒక్క రోజు హౌస్‌కీపింగ్ అక్క వెంట తిరిగి, ఏ సంచిలో ఏది తప్పుగా పడుతోందో చూడండి. తెల్ల డబ్బాలో పడాల్సిన సూది నల్ల సంచిలో పడితే గుచ్చుకునేది ఆమె చేతికే. అది చూశాక ఆ నిబంధన మర్చిపోవడం సాధ్యం కాదు. స్కానింగ్ గదికి పీసీపీఎన్డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం, ఎక్స్‌రేకు రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, ఫార్మసీ లైసెన్సు, ఇవన్నీ ఏ తేదీకి రెన్యువల్ అవుతాయో ఒక పట్టిక తయారుచేసి చూడండి. చాలా ఆసుపత్రుల్లో ఈ పట్టిక ఒకే మనిషి బుర్రలో ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఎన్ఏబీహెచ్‌తో పాటు ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ఉన్న జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఎన్‌క్యూఏఎస్, ఆసుపత్రి శుభ్రత కోసం 2015లో మొదలైన కాయకల్ప్ పథకం చెక్‌లిస్టు కూడా చదవాలి. ఒక ఏరియా ఆసుపత్రికి ఆ చెక్‌లిస్టు పట్టుకుని వెళ్తే, పరిమిత వనరులతో పని ఎలా నడుస్తుందో ఏ కార్పొరేట్ ఇంటర్న్‌షిప్పూ నేర్పనంతగా నేర్పుతుంది.

డిసర్టేషన్‌కు పెద్ద పెద్ద అంశాలు పెట్టుకోకండి. "భారతదేశంలో రోగుల సంతృప్తి" లాంటి శీర్షికతో వంద పేజీలు రాసినా ఎవరికీ అక్కర్లేదు. ఒక ఆసుపత్రి, ఒక విభాగం, ఒక జాప్యం చాలు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేయడం బాగా వచ్చి ఉండాలి. ఆ డేటాలో రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడా ఉండకూడదు.

ఏడో మెట్టు: అమెరికా వెళ్లాలనుకుంటే

బీడీఎస్, ఫార్మ్‌డీ చేసి అమెరికాలో ఎంహెచ్ఏ చేద్దామనుకునే తెలుగు విద్యార్థులు చాలామందే. ఈ చదువు విశ్వవిద్యాలయ డిగ్రీగా రూపుదిద్దుకున్నదే అక్కడ, 1934లో షికాగో విశ్వవిద్యాలయంలో. నాణ్యత చూడటానికి ఒక గుర్తు, ఆ ప్రోగ్రామ్‌కు క్యాహ్మీ (CAHME, ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే అక్కడి సంస్థ) అక్రిడిటేషన్ ఉందా అన్నది.

కానీ చేరే ముందు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో రాసి ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే అంకె) చూడండి. ఇంత ముఖ్యమైన విషయాన్ని కన్సల్టెన్సీలు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్‌కు మామూలుగా వాడే కోడ్ 51.0701. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో లేదు. అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ కోడ్ 51.2706 స్టెమ్‌లో ఉంది, దానికి మరో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. లక్షల అప్పు తీర్చడానికి ఏడాది ఉండటానికీ, మూడేళ్లు ఉండటానికీ ఎంత తేడానో మీకు చెప్పక్కర్లేదు. అలాగని కోడ్ కోసమే ఇష్టంలేని ఇన్ఫర్మాటిక్స్‌లో చేరమనడం లేదు. తెలిసి నిర్ణయం తీసుకోండి. ఇంకొకటి, అక్కడి ఆసుపత్రుల బిల్లింగ్, బీమా, చట్టాలు పూర్తిగా వేరు. చదివి తిరిగొచ్చేద్దామన్న ఆలోచన ఉంటే మన పద్ధతుల్ని మళ్లీ నేర్చుకోవాల్సి ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: మొదటి ఉద్యోగం

పిలుపు మేనేజర్ పోస్టుకు రాదు. ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, ఫ్లోర్ కోఆర్డినేటర్, క్వాలిటీ ఎగ్జిక్యూటివ్, మేనేజ్‌మెంట్ ట్రైనీ, ఇలాంటి పేర్లతో వస్తుంది. రెండు ఆఫర్లు వస్తే, జీతంలో చిన్న తేడా కంటే ఏ ఆసుపత్రిలో మీ పైవాళ్లు పని నేర్పుతారో చూసుకోండి. ఎన్ఏబీహెచ్ గుర్తింపుకు కొత్తగా సిద్ధమవుతున్న 150, 200 మంచాల ఆసుపత్రి దొరికితే వదలొద్దు. ఆ ఏడాదిలో ప్రతి విభాగం తలుపూ తట్టాల్సి వస్తుంది.

ఒక సీనియర్ స్టాఫ్ నర్స్ దగ్గర ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది. మీ దగ్గర రెండేళ్ల డిగ్రీ ఉంటుంది. ఆమె వార్డులోకి వెళ్లి "ఈ రిజిస్టర్ ఇలా రాయాలి" అని మొదటి రోజే చెబితే, ఆ తర్వాత ఆరు నెలలు ఆమె మీకు ఏమీ చెప్పదు. "సిస్టర్, ఇది ఇలా ఎందుకు రాస్తున్నారు?" అని అడిగితే, ఆ రిజిస్టర్ వెనకున్న కథంతా చెబుతుంది. ఆ కథల్లో సగం మీ పుస్తకాల్లో ఉండవు.

మొదటి నైట్ డ్యూటీకి వెళ్లినరోజు ఇంకో పని చేయండి. వార్డులకు ఆక్సిజన్ పంపే సిలిండర్లుండే మానిఫోల్డ్ గది ఎక్కడుందో, దాని తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. జనరేటర్ ఆపరేటర్, అంబులెన్స్ డ్రైవర్, బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ నంబర్లు ఫోన్‌లో వేసుకోండి. ఐసీయూ నుంచి కింద గేటు దాకా మెట్ల మీదుగా ఒకసారి నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. దారిలో ఫైర్ డోర్‌కు అడ్డంగా స్ట్రెచర్లు పెట్టి ఉంటే, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే తీయించండి.